కంచం కాదు, మాత్ర

చక్కెర జబ్బుకి మాత్రలు మొదలుపెట్టాక ఇల్లాలు కాస్త ఒళ్ళు చేసిందంటే ఇంటిల్లిపాదీ ఆవిడ కంచంలోకే చూస్తారు. ఆ మాత్ర పుట్టుక కూడా చూడొద్దూ!

1942లో ఫ్రాన్సులోని మోంపెలియేలో జాంబోన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకు కొత్త సల్ఫా మందు ఇచ్చాడు. కొందరికి రక్తంలో చక్కెర ఠపీమని పడిపోయింది. ఆ మందు క్లోమంలో ఇన్సులిన్ ఎక్కువగా ఊరేలా చేస్తుందని లుబాతియేర్ అనే ఆయన జంతువులపై ప్రయోగాలతో తేల్చాడు. సల్ఫొనైల్ యూరియా మాత్రలది ఆ వంశమే. అంతవరకూ మూత్రంలో వృథాగా పోయే చక్కెర ఒంట్లో నిలుస్తుంది. మిగులును ఇన్సులిన్ కొవ్వుగా దాచిపెడుతుంది. పైగా చక్కెర మరీ తగ్గితే కాళ్ళూచేతులూ వణికే ఆకలి! అప్పుడు తినడం తిండిపోతుతనమా? తినకపోతేనే ప్రమాదం.

ఇది తెలియక చాటుగా మాత్ర మానేసే వాళ్ళున్నారు. డాక్టరుతో చెబితే వేరే దారి దొరుకుతుంది కదా! 1957లో పారిస్ డాక్టరు స్టెర్న్ వెలుగులోకి తెచ్చిన మెట్‌ఫార్మిన్ కాలేయాన్ని అదుపు చేస్తుంది. బరువు సాధారణంగా పెరగదు, కొందరికి కాస్త తగ్గుతుంది కూడా.

2005లో అమెరికాలో అనుమతి పొందిన ఎక్సెనటైడ్ సూదిమందయితే ఆకలినే తగ్గించింది. దానికి నమూనా గీలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి విషంలో దొరికిన పదార్థం. బల్లి మీద పడితే తలస్నానం చేసే మా అత్తగారికి ఈ మాట ఎలా చెప్పను!