అలీ గెలుస్తాడా, టైసన్ గెలుస్తాడా?



పోయిన కూటంలో పనులన్నీ ముగిసి టీ తాగతా ఉన్నప్పుడు పడుచు పిల్లలు ఒక వాదం మొదలుపెట్టినారు. మహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ ఒకే కాలంలో పుట్టి బాక్సింగు రింగులో తలపడింటే ఎవరు గెలిచిండేవాళ్లు అని. ఒకడు అలీ అన్నాడు. ఇంకొకడు, టైసన్ మొదటి రౌండులోనే పడేసిండేవాడు అన్నాడు. పక్కనున్న పెద్దాయన ఒకరు ఊరుకోకుండా, "మన కోడి రామ్మూర్తి దిగింటే ఇద్దరూ పారిపోయిండేవాళ్లు" అనేసరికి అందరూ నవ్వినారు. కడకు మా పక్క తిరిగి, "తాతా, మీరు చెప్పండి" అన్నారు. ఆ పొద్దు మేము నవ్వి తప్పించుకున్నాము. ఇంటికొచ్చి ఆలోచన చేస్తే ఇది ఉట్టి టీ కొట్టు మాట కాదనిపించింది. అందుకే ఈ పొడుగు రాత. మేము తమిళ బళ్లో చదివినవాళ్లం. తెలుగు అక్షరాలు పెద్దయినాక కూడబలుక్కొని నేర్చుకున్నాము. తప్పులుంటే దిద్దండి.

మా ఈడు వాళ్లకు అలీ అంటే ఏమిటికి అంత ఇదో ముందు చెప్పాల. 1980 మొదట్లో అలీ మద్రాసుకు వచ్చినాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినాడు. ఎల్లిస్ కూడా అలీ పుట్టిన లూయీవిల్ ఊరివాడే. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు అలీ పట్టం పెరికేసినాక, ఆ ఖాళీలో 1968లో చాంపియను అయినవాడు. 1971లో అలీ చేతిలో ఓడినవాడు. మద్రాసుకు పోయి చూసే వసతి మాకు లేదు. తమిళ పేపర్లో వచ్చిన బొమ్మలు చూసి సంతోషపడినాము. అప్పటికి అలీకి 38 ఏండ్లు.

అదే ఏడు అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో అలీ నిజం పోటీకి దిగినాడు. ఎదురుగా లారీ హోమ్స్. ఈ హోమ్స్ ఒకప్పుడు అలీకి సాధనలో తోడుగా ఉండి, ఆయన దగ్గర దెబ్బలు తిని విద్య నేర్చుకున్నవాడు. పది రౌండ్లు అలీని కొట్టినాడు. పదకొండో రౌండుకు అలీ పక్క వాళ్లే ఇంక చాలని ఆపేసినారు. బతుకంతా చూసినా అలీ మధ్యలో ఆగిపోయి ఓడిన పోటీ అదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. వేరే వేరే కాలాల చాంపియన్లు తలపడితే ఎట్లుంటుందో మనం ఊహించుకోవాల్సిన పని లేదు. నిజంగానే శానాసార్లు తలపడినారు. లెక్క చూడండి.

1910 జులై 4న రీనో ఊర్లో జాక్ జాన్సన్, జేమ్స్ జెఫ్రీస్. జెఫ్రీస్ ఓటమి ఎరగని పాత చాంపియను. ఆట వదిలి ఆరేండ్లు అయింటే, జనం పట్టుబట్టి లాక్కొచ్చినారు. పదిహేనో రౌండులో పడిపోయినాడు.

1951 అక్టోబరు 26న జో లూయిస్, రాకీ మార్సియానో. లూయిస్‌కు 37 ఏండ్లు. ఎనిమిదో రౌండులో తాళ్ల మధ్యలో నుండి బయటికి పడినాడు. చిన్నప్పటి నుండి లూయిస్‌ను మెచ్చుకున్న మార్సియానో ఆ రాత్రి ఏడ్చినాడని చెప్తారు.

1980లో అలీ, హోమ్స్. ఇది పైన చెప్పినాము.

1988 జనవరి 22న అదే హోమ్స్, మైక్ టైసన్. ఇప్పుడు హోమ్స్‌కు 38. నాలుగో రౌండులో అయిపోయింది. ఎనిమిదేండ్ల ముందు అలీకి ఇచ్చిన వయసు బాకీని హోమ్స్ అదే వయసులో తీర్చుకొన్నట్టు అయింది.

కాలాలు తలపడినప్పుడల్లా ముసలాయనే ఓడినాడు. దీనికి మారుగా జరిగినది ఒకటుంది. 1994 నవంబరులో 45 ఏండ్ల జార్జ్ ఫోర్‌మన్, 26 ఏండ్ల మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడేసి మళ్లా చాంపియను అయినాడు. అట్లాంటిది శానా అరుదు. ఇట్లాంటి పోటీల్లో తేలేది వయసే గాని గొప్పతనం కాదు. 1951 పోటీ చూసి "లూయిస్ కన్నా మార్సియానో గొప్ప" అని రాస్తే అది తప్పుడు లెక్క.

అట్లయితే ఇద్దరినీ మంచి వయసులోనే పెట్టి లెక్క వేస్తే? అదీ చేసి చూసినారు. 1967లో అమెరికాలో మర్రీ వొరోనర్ అనే రేడియో ఆయన పాత కొత్త చాంపియన్ల వివరాలన్నీ కంప్యూటరుకు ఇచ్చి, వచ్చిన జవాబును నిజం పోటీ మాదిరి రేడియోలో చదివించినాడు. ఆ యంత్రం అలీని జెఫ్రీస్ చేతిలో ఓడించింది. అలీకి కోపం వచ్చి కోర్టుకు పోయినాడు. కడకు రాజీ కుదిరి, 1969లో అలీనీ మార్సియానోనూ రింగులోకి దింపి సినిమా తీసినారు. మార్సియానో ఆట వదిలి పదమూడేండ్లు. ఒళ్లు తగ్గించుకొని, బట్టతలకు విగ్గు పెట్టుకొని వచ్చినాడు. ముగింపులు ఒకటికి మించి తీసి పెట్టుకున్నారు. సినిమా బయటికి రాకముందే, ఆ ఏడు ఆగస్టు 31న మార్సియానో విమానం కూలి చనిపోయినాడు. 1970 జనవరిలో అమెరికా కొట్టాయిల్లో జనం చూసిన ముగింపులో పదమూడో రౌండులో మార్సియానో గెలిచినాడు. ఐరోపాలో చూపించిన దాంట్లో అలీ గెలిచినాడు!

మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం. లెడ్జరులో మనం ఏమి ఎక్కిస్తామో అడుగున కూడికలో అదే వస్తుంది. ఊరికొక కూడిక వచ్చిందంటే తప్పు యంత్రానిది కాదు. చూసేవాళ్ల మొగం చూసి లెక్క ముగించినారని అర్థం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆట పేరు ఒకటే గాని పట్టాలు వేరే. మా హోసూరు లైను మీటరు గేజిగా ఉన్న దినాలు మీలో శానామందికి గుర్తుంటాయి. ఆ మీటరు గేజి బండిని ఇప్పటి బ్రాడ్ గేజి పట్టా మీద పెట్టి, ఇది పరుగెత్తలేదు అంటే నవ్వుతారు. బాక్సింగూ అంతే. 1915లో హవానా ఊర్లో జాన్సన్ పట్టం పోగొట్టుకున్న పోటీ 45 రౌండ్లకు పెట్టినది. ఎండలో 26వ రౌండు దాకా పోయింది. తరువాత పట్టం పోటీలు 15 రౌండ్లకు వచ్చినాయి. 1982లో కిమ్ డుక్ కూ అనే కొరియా పిల్లోడు రింగులో దెబ్బలు తిని చనిపోయినాక, కొద్దికొద్దిగా అన్ని సంఘాలూ 12కు దించినాయి. బరువు చూస్తే, 49 పోటీల్లో 49 గెలిచిన మార్సియానో సుమారు 85 కిలోలు. ఇప్పుడైతే ఆయన హెవీవెయిట్ కిందికే రాడు, దానికి కింది తరగతిలో ఆడాల. లెనాక్స్ లూయిస్ 110 కిలోల చుట్టూ ఉండినాడు. 45 రౌండ్లకు ఊపిరి దాచుకొనేవాడు ఒకడు, మూడు నిమిషాల్లో ముగించాలని వచ్చేవాడు ఒకడు. ఎవరి పట్టా మీద పెట్టేది?

కోడి రామ్మూర్తి గారి సంగతీ అంతే. శ్రీకాకుళం సీమ వీరఘట్టంలో పుట్టి, సర్కసు పెట్టి, ఇనుప గొలుసులు తెంచి, ఎద మీద ఏనుగును ఎక్కించుకొని కలియుగ భీముడు అనిపించుకున్నాడు. 1942లో ఆయన పోయినాడు, అదే ఏడు అలీ పుట్టినాడు. ఆయన బలానికి ఎవరైనా దండం పెట్టాల్సిందే. అయితే బరువు మోసే విద్య వేరే, తప్పించుకొని కొట్టే విద్య వేరే. మనవాడని చెప్పి ఆయన్ను తెలియని రింగులోకి తోస్తే ఆయనకేమీ గౌరవం కాదు.

మరి దేనితో కొలిచేది? మాకు తోచిన కొలత ఒకటుంది. తన కాలంలో తనను ఓడించగలిగిన వాళ్లందరికీ వాడు ఎదురు నిలిచినాడా, లేదా?

ఈ కొలత తీస్తే పాత పట్టీలో పెద్ద ఓటి కనపడుతుంది. జాన్ సల్లివన్ నల్లవాళ్లతో ఆడనన్నాడు. పీటర్ జాక్సన్ అంత మొనగాడికి పట్టం పోటీయే దొరకలేదు. జాన్సన్ అవకాశం కోసం చాంపియను టామీ బర్న్స్ వెనకాల దేశాలు తిరిగి, 1908 డిసెంబరులో ఆస్ట్రేలియా సిడ్నీలో పట్టుకొని గెలిచినాడు. విచిత్రం ఏమంటే, అంత అవస్థ పడిన జాన్సన్ పట్టం వచ్చినాక తన మాదిరి నల్లవాడైన శామ్ లాంగ్‌ఫర్డ్‌కు అవకాశం ఇయ్యలేదు. తరువాత జాక్ డెంప్సీ కాలంలో హ్యారీ విల్స్ ఏండ్ల తరబడి కాచుకున్నాడు, పోటీ రాలేదు. 1915 నుండి 1937 దాకా, 22 ఏండ్లు, హెవీవెయిట్ పట్టం పోటీకి ఒక్క నల్లవాణ్నీ రానియ్యలేదు. అట్లాంటి కాలంలో చాంపియను అంటే, హాజరు పట్టీలో పేరు ఎక్కించిన వాళ్లలో మొదటివాడు అని మాత్రమే అర్థం. పేరు ఎక్కించని వాళ్ల సంగతి?

ఆ తలుపు తెరిచినవాడు జో లూయిస్. 1937 నుండి 1949 దాకా పట్టం ఆయన దగ్గరే ఉండింది. 25 సార్లు కాపాడుకున్నాడు. 1936లో తనను ఓడించిన జర్మనీవాడు మాక్స్ ష్మెలింగ్‌ను వదల్లేదు. 1938లో మళ్లా పిలిచి మొదటి రౌండులోనే ముగించినాడు. అలీ పట్టీ చూస్తే సోనీ లిస్టన్‌తో రెండుసార్లు, జో ఫ్రేజర్‌తో మూడుసార్లు, కెన్ నార్టన్‌తో మూడుసార్లు. అందరూ భయపడిన ఫోర్‌మన్‌తో 1974లో ఆఫ్రికాకు పోయి కిన్షాసాలో ఎనిమిదో రౌండులో గెలుపు. తనను ఓడించిన ఫ్రేజర్‌నూ నార్టన్‌నూ మళ్లా పిలిచి ఆడినాడు. టైసన్ 20 ఏండ్లకే చాంపియను, 1988లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకండ్లలో పడేసినాడు. ఆ దినం ఆ టైసన్ ముందు నిలిచేవాడు ఎవడో చెప్పేదానికి మాకు ధైర్యం లేదు. అయితే 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ పడేసినాక, ఆ డగ్లస్‌తో మళ్లా తలపడే దినం టైసన్‌కు రానే లేదు. మా కొలతలో అలీ, లూయిస్ ముందు నిలుస్తారు. మీ కొలత వేరే ఉంటే రాయండి.

ఈ మాట దూరదేశంది కాదు. మన తెలుగు నేల మీద, మన కండ్ల ముందరే జరిగింది. నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ 2019లో ఒకటే అడిగింది. ఒలింపిక్స్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను నేరుగా పంపకుండా, మా ఇద్దరికీ పోటీ పెట్టి గెలిచినవాళ్లను పంపండి అని. క్రీడల మంత్రికి కూడా రాసింది. మేరీ కోమ్ అంటే ఆరుసార్లు ప్రపంచ చాంపియను, దేశానికే అక్క. ఈ పిల్లకు ఏమి పొగరు అని శానామంది తిట్టినారు. కడకు ఆ ఏడు డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ పెట్టినారు. మేరీకి 37, నిఖత్‌కు 23. ఈసారి పెద్దామే గెలిచింది, 9-1 తేడాతో!

అక్కడితో నిఖత్ కథ ముగిసిందా? 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియను అయింది. 2023లో ఢిల్లీలో మళ్లా అయింది. ఇప్పుడు చెప్పండి, ఇద్దరిలో ఎవరు గొప్ప? ఆ పోటీ పెట్టకుండా ఉండింటే, మేరీని పెద్దరికంతో పంపినారనే మచ్చ ఆమెకు, నన్ను రానియ్యలేదనే కడుపుమంట ఈమెకు మిగిలిండేది. పోటీ పెట్టడంతో ఇద్దరి పేరూ నిలిచింది. ఓడిన పిల్ల కూడా ఓడి నేర్చుకుంది.

ఇదంతా రాసినాక మాకు మన కూటం గుర్తొచ్చింది. ఉగాది పండగ గాని, పిల్లల తెలుగు తరగతి గాని, జమాఖర్చు గాని, అరవై దాటిన మేమే పట్టుకొని కూర్చోనుండాము. మా కాలంలో మేము చేసినట్టు ఇప్పటి పిల్లలు చేయలేరని అంటాము. పిల్లలేమో మీ కాలం అయిపోయింది తాతా అంటారు. ఇద్దరమూ చేసేది ఆ కంప్యూటరు పోటీయే. ఎవరికి కావల్సిన ముగింపు వాళ్లు తీసి పెట్టుకున్నాము.

అందుకే మా మనవి ఇది. వచ్చే ఉగాది కూటం పని మొత్తం ముప్పై లోపు వాళ్లకు అప్పజెప్దాం. లెక్క పుస్తకంతో సహా. మేము ముందు వరస కుర్చీల్లో కూర్చొని చూస్తాము. బాగా చేస్తే చేతులు తట్టుదాం. తప్పు చేస్తే తరువాతి ఏడు మళ్లా వాళ్లకే ఇద్దాం. ఏలంటే ఒక్క పోటీతో ఎవరి సంగతీ తేలదు. వాళ్లు పిలిస్తే సాయానికి మేమూ దిగుతాము. మోకాళ్ల నొప్పి ఉన్నా, ఫోర్‌మన్ 45 ఏండ్లకు గెలిచినాడు కదా!

ఆ పొద్దు అడిగిన పిల్లలకు జవాబు: అలీ గెలుస్తాడా టైసన్ గెలుస్తాడా మాకు తెలీదు నాయనా. మీకు మాత్రం రింగు తెరిచి పెట్టేది మా పని.

ఇట్లు, మీ వేప్పనపల్లి పాత రైల్వే గుమాస్తా.