కాన్పు పుట్టింట్లో, కార్డు అత్తింట్లో: అలంపూర్ బాలింతకు 42 రోజుల్లో అందాల్సినవేంటి?

తెలంగాణలో మాతృ మరణాలు తగ్గాయి. నమూనా రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం 2014-16లో లక్ష సజీవ జననాలకు 81 మంది తల్లులు చనిపోగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 43కు దిగింది. అప్పటి దేశ సగటు 97. రాష్ట్రంలో దాదాపు అన్ని కాన్పులూ ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అయితే ఈ సగటు వెనక ఊరికీ ఊరికీ మధ్య తేడాలు దాగి ఉంటాయి. అలంపూర్ ప్రాంతాన్ని చూస్తే ఆ తేడా ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

సమస్య ఎక్కడ?

అలంపూర్ జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. కానీ జిల్లా కేంద్రం గద్వాల కంటే తుంగభద్ర అవతలి కర్నూలే దగ్గర. అది ఆంధ్రప్రదేశ్. సంబంధాలూ నదికి అటూ ఇటూ ఉంటాయి. అత్తింట్లో గర్భిణిగా నమోదై, కాన్పుకు పుట్టింటికి వెళ్లిన మహిళ ఇక్కడి ఆశా కార్యకర్త జాబితాలో ఉంటుంది, ఊళ్లో ఉండదు. అక్కడి ఆశాకు ఆమె వచ్చిన సంగతే తెలియదు. పనుల కోసం హైదరాబాద్ వలస వచ్చిన పాలమూరు కుటుంబాలదీ ఇదే పరిస్థితి.

సరిహద్దు దాటితే ఉచిత వైద్యం పోతుందా?

పోదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం దేశమంతటా వర్తిస్తుంది. ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం ఉచితం. సాధారణ కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు భోజనం పెట్టాలి. ఆస్పత్రికి తీసుకెళ్లడం, పెద్దాస్పత్రికి పంపడం, తిరిగి ఇంటి దగ్గర దించడం కూడా ఇందులో భాగమే. రాష్ట్ర పథకాల షరతులు మాత్రం వేరు. వాటి గురించి కాన్పుకు ముందే ఏఎన్‌ఎంను అడగండి.

తిండి, మాత్రల సంగతేంటి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో 53 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో రక్తస్రావమైతే ముప్పు ఎక్కువ. అందుకే 2022 డిసెంబరులో న్యూట్రిషన్ కిట్లను మొదలుపెట్టినప్పుడు తొలి 9 జిల్లాల్లో గద్వాలనూ చేర్చారు. ఐరన్ మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వాడాలి. బిడ్డ పుట్టగానే చాలామంది మానేస్తారు. అది పొరపాటు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు భోజనం, పాలు, గుడ్డు ఇస్తున్నారు.

ఇంటికి ఎవరు రావాలి?

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడాలి. సిజేరియన్ అయితే 7వ రోజు నుంచి వస్తారు. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. మాతృ మరణాల లెక్క కూడా 42 రోజుల వరకూ కొనసాగుతుంది. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు అనుకునే రోజులవి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆగకూడదు?

- గుడ్డలు త్వరత్వరగా తడిసిపోయేంత రక్తస్రావం
- జ్వరం, దుర్వాసనతో స్రావం
- తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్
- ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం

వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. దిగులు, నిద్రలేమి, బిడ్డపై ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే టెలీమానస్ నంబరు 14416కు చేయవచ్చు.

మీరేం చేయొచ్చు?

మీ చెల్లెలు కావచ్చు, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య కావచ్చు. ఊరు మారేముందు మాతా శిశు సంరక్షణ కార్డు వెంట తీసుకెళ్లమని చెప్పండి. ప్రతి పేజీనీ ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. ఏడో నెలలోనే పుట్టింటి ఊరి ఆశా ఫోన్ నంబరు తీసుకుని, రాబోతున్న సంగతి చెప్పించండి. చేరగానే అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించుకోమనండి. 3వ రోజు ఎవరూ రాకపోతే 4వ రోజే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేసి అడగండి. అది మీరు కోరే సాయం కాదు, ఆ తల్లికి అందాల్సిన సేవ.