కట్టె, బొగ్గు, మన నేల



పల్నాటి సీమ యనగానే మనకు కారెంపూడి వీరుల గుడియు, అందు నేటికిని పూజలందుకొనుచున్న ఆయుధములును జ్ఞప్తికి వచ్చును. ఆ కాలపు ఇనుమును కరగించి, కాచి, కత్తిగా మలచుటకు తోడ్పడిన బొగ్గు మాత్రము ఎవరికిని జ్ఞప్తికి రాదు. రాతిబొగ్గు రాకమునుపు కమ్మరి కొలిమికి కట్టెబొగ్గే ఆధారము. వీరుల కథ మీరెల్లరు వినియే యుందురు. నేడు నేను చెప్పబూనినది బొగ్గు కథ.

మాది గురజాల ప్రాంతపు పల్లె. 1970 ప్రాంతమున, నా బాల్యమున, మా యూరి కమ్మరి తాత తుమ్మకొమ్మలను గోతిలో పేర్చి, పైన ఆకును మన్నును కప్పి, చిన్న కంతగుండ నిప్పు పెట్టెడివాడు. మొదట తెల్లని పొగ దట్టముగా లేచును. అది కట్టెలోని తడి. పిదప పొగ పసుపు వన్నె దాల్చి కండ్లను మండించును. తుదకు సన్నని నీలిపొగ వచ్చును. అది కనబడగానే ఆయన కంతలన్నిటిని మట్టితో మెత్తెడివాడు. మరునాడు నేను ‘ఇంక తీద్దామా తాతా?’ యని తొందరపెట్టగా, ‘గాలి దూరిందంటే బూడిదే మిగిలిద్ది బాబూ’ అని వారించెను.

ఆ యొక్క మాటలో ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నది. కట్టె బయట మండినచో అందలి కర్బనము గాలిలోని ఆమ్లజనితో కూడి, బొగ్గుపులుసు గాలియై ఆకాశమున కలియును; మనకు మిగులునది పిడికెడు బూడిద. గాలి చొరని తావున 400 మొదలు 500 డిగ్రీల వరకు వేడెక్కినచో తడియు, ఆవిరులును, తారును వెలికిపోయి, కర్బనములో మంచి భాగము నిలిచిపోవును. బాగుగా కుదిరిన యంత్రమున 100 పాళ్ల ఎండుకట్టెకు 25 మొదలు 35 పాళ్ల బొగ్గు వచ్చును. మట్టిగోతిలో అంత రాదు, పొగయంతయు వ్యర్థమగును.

పెద్ద కొలుములు వచ్చిన పిమ్మట బొగ్గునకు గిరాకి మితిమీరెను. 1830లో జోషయా మార్షల్ హీత్ అను దొర దక్షిణార్కాటు జిల్లాలోని పరంగిపేటలో ఇనుప కర్మాగారమును నెలకొల్పెను. ఆ కొలుములు బొగ్గుకై అడవులను మ్రింగెను. బొగ్గు దొరకకుండుట ఆ కర్మాగారము నిలువకపోవుటకు గల కారణములలో ఒకటి.

తరువాత మైసూరు సంస్థానమున భద్రావతిలో 1923లో ఇనుప కర్మాగారము పని కారంభించెను. దానిని కొన్నియేండ్లు నడపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వుల గ్రామము మన పొరుగు సీమలోనిదే. అచట కట్టెను మూసిన ఇనుప పాత్రలలో కాచి, పొగను వదలక, గొట్టముల వెంట నడపి చల్లార్చిరి. బొగ్గుతో పాటు తారును, కట్టె సారాయమును, సున్నముతో చేర్చిన ఆమ్లపు లవణమును చేతికి వచ్చెను. కాని అచటను ఆహుతియైనది అడవికట్టెయే.

నేటి యంత్రము అడవిని కోరదు. కోతమిల్లులోని రంపపు పొట్టు, చెక్కపేళ్లు, పత్తి కట్టె, కంది కట్టె దానికి చాలును. ఎండిన చెత్త గొట్టమున ఒకవైపు పడును. మరమేకు వలె చుట్లుగల ఇరుసు దానిని మెల్లగా ముందుకు నెట్టును. వెలువడిన ఆవిరులను వేరుగదిలో మండించి, ఆ వేడితోనే గొట్టమును కాచెదరు. మొదట రాజేయుటకే వెలి ఇంధనము కావలయును. ఆవలి కొనను పడు బొగ్గును నీటితో గాని, గాలి తగులకుండ గాని చల్లార్చెదరు. నేలకు వేయుటకై ఇట్లు చేసిన బొగ్గును బయోచార్ అనుచున్నారు.

బొగ్గును నేలకు వేయుట వింతగా తోచవచ్చును. దక్షిణ అమెరికాలో అమెజాను నదీతీరమున, వానలకు సారము కొట్టుకొనిపోయిన ఎర్రనేలల నడుమ, అక్కడక్కడ నల్లని సారవంతమైన మడులు గలవు. పూర్వపు జనులు బొగ్గును, ఎముకలను, ఇంటి పెంటను కలిపి పోయగా ఏర్పడిన నేలలవి. అందు కొన్ని వేయేండ్లకు పైబడినవి. 1966లో సోంబ్రూక్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున వానిని వర్ణించెను. పెంట కొలది యేండ్లలో కరగును. బొగ్గు తరతరములు నిలుచును. దాని సన్నని రంధ్రములు తడిని, సారమును పట్టియుంచును.

ఇక మన చేల మాట. పత్తి తీసిన పిమ్మట కట్టెను కుప్పవేసి తగులబెట్టుచున్నాము. గులాబీరంగు పురుగు మిగిలిన కాయలలో దాగునని మన భయము, అది నిజమే. నేనును ఏటేట అట్లే చేసితిని. ఒకయేడు ఆ మంటకు గట్టుమీది వేపచెట్టు సగము మాడిపోయెను. అది మా తండ్రిగారు నాటినది.

హైదరాబాదునందలి మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారు 200 లీటర్ల నూనె డ్రమ్మును మార్చి, పత్తి కట్టెను బొగ్గు చేయు పద్ధతిని 2013లో ప్రకటించిరి. అడుగున కంతలుండును, పొగ సన్నగిలగానే పైన మూతవేసి, అడుగు కంతలను మూయవలయును. పురుగును చచ్చును, కర్బనమును నిలుచును. ఉద్యోగ విరమణానంతరము నేనును ఒక డ్రమ్ము తెచ్చి కాల్చితిని. సాయంకాలమునకే చల్లారినదనుకొని మూత తీసి నిద్రించితిని. తెల్లవారి చూడగా బూడిద! కమ్మరి తాత మాటను యాబదియేండ్లకు గాని నేర్వనైతిని.

రెండు హెచ్చరికలు. బొగ్గు ఎరువు కాదు. పెంటతో కలిపి మాగనిచ్చిన పిదపనే చేలో చల్లవలయును. పచ్చిగా చల్లినచో నేలలోని నత్రజనిని కొంతకాలము తానే పట్టుకొనును. అదియు ఎర్రచెలక, ఇసుకనేలలకు మేలుచేసినంతగా, సున్నపుపాలు మెండైన మన రేగడికి చేయకపోవచ్చును. కావున మొదట ఒక మడిలో చూచుకొనుడు. ఇక రెండవది: దీనికై పచ్చనిచెట్టును నరుకరాదు. పరంగిపేట కొలుములు చేసిన తప్పు మనము చేయవలదు. వ్యర్థమైన కట్టెనే కాల్చుడు. కాల్చినప్పుడు మూత వేయుట మరువకుడు.