విజయరామరాజు హంతకులు కోట దాటిన దారి: సాక్ష్యాల పరిశీలన

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. ఆపై మూడవ రాత్రి, విజేతల పక్షాన ఉన్న విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు తన గుడారంలోనే హతుడయ్యాడు. ఈ రెండు విషయాల్లో వివాదం లేదు. చంపినవారెవరు, ఎంతమంది, శత్రుసేన చుట్టుముట్టిన నేలమీద రాజు పడక దాకా ఎలా రాగలిగారు అన్న ప్రశ్నల దగ్గర మాత్రం సాక్ష్యాలు రెండుగా చీలిపోతాయి. ఒక పాయలో పేరులేని నలుగురు సైనికులు కోటగోడ దిగి తప్పించుకుంటారు. రెండవ పాయలో కోట పతనవేళ అక్కడ లేని తాండ్ర పాపారాయుడు రాజాం నుంచి వస్తాడు. ఈ రెండింటి బలాబలాలను తూచడం ఈ వ్యాస లక్ష్యం.

ఓర్మ్ కథనం

రాబర్ట్ ఓర్మ్ హిందూదేశంలో ఆంగ్లేయుల యుద్ధవ్యవహారాలపై రాసిన చరిత్ర రెండవ సంపుటం 1778లో వెలువడింది. అందులోని కథనం సారాంశం ఇది. రంగారావు నేలకూలడం చూసిన నలుగురు సైనికులు కోటలో జనసంచారం లేని చోట దాక్కున్నారు. రాత్రి బాగా గడిచాక గోడ దిగారు. ఎదుటి సేనవారు మాట్లాడే భాషే తమదీ కావడంతో ఎవరికీ అనుమానం రాకుండా విజయరామరాజు విడిది మధ్యనుంచి దాటిపోయి పొదల్లో చేరారు. రెండు రోజులు అక్కడే పొంచి ఉండి, శిబిరంలో సందడి అణగాక వారిలో ఇద్దరు బయలుదేరారు. అడిగినవారిని మళ్ళీ మాటతోనే ఏమార్చి, గుడారం వెనుకభాగం నుంచి పాకి లోపలికి వెళ్ళారు. ఒంటరిగా నిద్రిస్తున్న రాజును పొడిచారు. మూలుగు విని వచ్చిన కావలివాడి గుండు గురి తప్పింది. తరువాత గుమిగూడినవారు ఇద్దరినీ అక్కడే కాల్చిచంపారు. రాజు దేహంమీద 32 పోట్లు కనిపించాయి. పని చెడితే పూర్తిచేయడానికి అదే ప్రమాణంతో మరో ఇద్దరు అడవిలో మిగిలి ఉన్నారు.

ఓర్మ్ ఈ ఘటనకు ప్రత్యక్షసాక్షి కాడు. 1754 నుంచి 1758 వరకు అతడు మద్రాసు కౌన్సిల్ సభ్యుడు. గ్రంథం వెలువడేనాటికి ఘటన జరిగి 21 ఏళ్ళు. కాబట్టి అతడికి తెలిసింది వేరొకరి నోటి ద్వారానో రాత ద్వారానో తెలిసిందే. బుస్సీ సేనలోని ఫ్రెంచివారు ఒక మార్గం కావచ్చు. విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురుతిరిగి ఆంగ్లేయులను ఆహ్వానించడం, 1758 డిసెంబరులో చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డ్ పక్షాన నిలవడం తెలిసిందే. విజయనగర శిబిరపు జ్ఞాపకం ఆంగ్లేయుల చెవిన పడడానికి అదీ ఒక దారి అయి ఉండవచ్చు.

చూసినవి, చూడనివి

ఈ కథనంలోని అంశాలన్నీ ఒకే తూకానికి రావు. కావలివాడి గుండు తప్పడం, హంతకులు అక్కడే చావడం, గాయాల లెక్క శిబిరంలోని వారు కళ్ళారా చూడగలిగినవి. కోటలో దాక్కోవడం, గోడ దిగడం, రెండు రోజుల నిరీక్షణ, ప్రమాణం, అడవిలో మిగిలిన ఇద్దరు అన్నవి హంతకులకు మాత్రమే తెలియగలవి. ఊపిరి బిగబట్టి పొడిచారన్న వర్ణన అయితే ఏ సాక్షికీ అందేది కాదు, అది రచయిత చేర్పు.

గుడారంలో ప్రవేశించిన ఇద్దరూ అక్కడికక్కడే చనిపోయారు. అలాంటప్పుడు తప్పించుకున్న దారి గురించి చెప్పిందెవరు? రెండే సమాధానాలు సాధ్యం. మిగిలిన ఇద్దరిలో ఒకరైనా బతికి బయటపడి, ఎప్పుడో ఎక్కడో నోరు విప్పి ఉండాలి. లేదా, ఇంత కాపలా ఉండగా వీరెలా వచ్చారని దిగ్భ్రాంతి చెందిన శిబిరమే ఒక సమాధానం కల్పించుకొని ఉండాలి. మొదటిదే నిజమైతే అసలు పలాయనం ఆ పేరులేని ఇద్దరిది. రెండవదే నిజమైతే గోడ దిగిన కథ కావలివారి సంజాయిషీ అవుతుంది.

భాషను గురించిన వివరాన్ని మాత్రం కొట్టిపారేయలేం. ఫ్రెంచివారు, సిపాయిలు, పలువురు జమీందారుల బలగాలు కలిసిన శిబిరంలో తెలుగు మాట్లాడే కొత్తముఖం ఏదో ఒక బలగానికి చెందినదిగానే కనిపిస్తుంది. ఇరుపక్షాలదీ ఒకే భాష కావడం తెలుగు గాయకునికి చెప్పదగ్గ విశేషం కాదు. దాన్ని విశేషంగా గుర్తించేది పరాయివాడే. అందుచేత ఈ వివరం శిబిరంలో ఉన్న పరాయి సాక్షి పరిశీలన నుంచి వచ్చిందనుకోవడం సమంజసం.

తెలుగు సంప్రదాయం

దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర ఈ యుద్ధాన్ని ప్రబంధంగా మలిచింది. పెద్దాడ మల్లేశం పేరిట ప్రసిద్ధమైన బొబ్బిలి కథ గాయకుల నోట వ్యాపించింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ 1956లో బొబ్బిలి యుద్ధకథను పరిష్కరించి ప్రకటించారు. వేదం వేంకటరాయశాస్త్రి నాటకం, తరువాతి చలనచిత్రాలు ఇదే కథను ఇంటింటికీ చేర్చాయి. జనంలో స్థిరపడిన రూపంలో పాపారాయుడు రాజాంలో ఉండగా కోట కూలుతుంది. వచ్చి శిథిలాలను చూసి, రాత్రి గుడారంలో ప్రవేశించి, రాజును చంపి, అక్కడే ప్రాణం విడుస్తాడు.

ఈ కథకు రాజాం అవసరం ఉంది. అందరికంటే పెద్ద వీరుడు యుద్ధంలో ఉండి బతికి ఉంటే అది అపకీర్తి, యుద్ధంలోనే చనిపోతే పగ తీర్చేవాడు లేడు. అతడు దూరంగా ఉండడం ఒక్కటే ఈ రెండు చిక్కులనూ విప్పుతుంది. కథకు అవసరమైనంత మాత్రాన అది అబద్ధమని తేల్చడం తొందరపాటే. రాజాంలో బలగం ఉండడం అసంభవమేమీ కాదు. అయితే కథ ఇంతగా కోరుకునే వివరానికి వేరే ఆధారం ఉంటే తప్ప సాక్ష్యంగా బరువు తక్కువ. ఓర్మ్ మౌనాన్నీ అలాగే చూడాలి. అతడు పాపారాయని పేరు చెప్పకపోవడం పాపారాయుడు లేడనడానికి రుజువు కాదు. శిబిరంలో పడిన శవానికి పేరు పెట్టగలిగేది దాన్ని గుర్తుపట్టినవాడే.

ఒక పోలిక

సాక్షులు ఎక్కువైతే సత్యం సులువవుతుందనుకోవడమూ పొరపాటే. 1865 ఏప్రిల్ 14న వాషింగ్టన్ నాటకశాలలో లింకన్‌ను కాల్చిన జాన్ విల్క్స్ బూత్, నిండిన సభ చూస్తుండగా వేదికమీదికి దూకి పారిపోయాడు. అతడి నినాదం ఎప్పుడు వినిపించిందన్న విషయంలో సాక్షులు ఏకీభవించలేదు. దూకినప్పుడే కాలు విరిగిందని బూత్ తన దినచర్యలో రాసుకున్నాడు. తరువాత గుర్రం పడినప్పుడు విరిగిందని మైఖేల్ కాఫ్‌మన్ వంటి చరిత్రకారులు వాదించారు. హంతకుని సొంత రాతే చివరి మాట కాలేదు. బొబ్బిలి విషయంలో ఆ రాతా లేదు.

ముగింపు

పరస్పరం ఆధారపడని రెండు పాయలు కలిసేచోటే గట్టినేల ఉంది. హత్య రాత్రి గుడారంలో జరిగింది. చంపినవారు తప్పించుకోజూడలేదు, అక్కడే మరణించారు. ఓడిన కోట వారు ఈ ముగింపును కీర్తిగా చెప్పుకున్నారు. ఆ కీర్తితో పనిలేని ఓర్మ్ కూడా అదే చెప్పడంతో దానికి బలం చేకూరింది. కోట దాటిన దారి మాత్రం సంభావ్యమే తప్ప నిరూపితం కాదు. పాపారాయని పేరు జనస్మృతికి చెందిన బలమైన సాక్ష్యం, కానీ ఆ స్మృతి ఒక్క వీరుణ్ణి నిలుపుకొని మిగిలినవారిని విడిచిపెట్టింది. నలుగురున్నారన్న ఓర్మ్ మాటే నిజమైతే, పొదల్లో తమ వంతు కోసం కాచుకున్న ఆ ఇద్దరికి ఏ పాటలోనూ చోటు దక్కలేదు. బొబ్బిలి కథల పాఠాంతరాలను పోల్చేవారు పాపారాయని వెంట నడిచిన వారి సంఖ్యను, పేర్లను ఏ పాఠం ఎలా చెబుతుందో ప్రత్యేకంగా గమనించడం అవసరం. ఆ ఇద్దరి జాడ దొరికితే అక్కడే దొరకాలి.