గోదావరి జిల్లాల్లో వందేమాతరం ఉద్యమం

1907 వేసవిలో రాజమండ్రి, కాకినాడ పట్టణాల్లో చెలరేగిన విద్యార్థి నిరసనలనూ, వాటి వెంట సాగిన స్వదేశీ, పత్రికా ప్రచారాన్నీ కలిపి వందేమాతరం ఉద్యమం అంటారు. కాలాన్ని బట్టి చూస్తే ఇది చిన్న ఘట్టమే. ఏడాదిన్నర తిరక్కుండానే ప్రభుత్వం దీన్ని అణచివేసింది. అయినా కోస్తా ఆంధ్రలో జాతీయోద్యమం పట్టణ వీధుల్లోకి వచ్చింది దీనితోనే. ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు ఈ ప్రాంతంలో ఉద్యమం నడిచిన తీరుకూ, దాని బలానికీ, దాని లోటుకూ మూలాలు ఇక్కడే కనిపిస్తాయి.

నేపథ్యం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి సాగు స్థిరపడింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన కుటుంబాలు పిల్లల్ని ఇంగ్లీషు చదువుకు పంపాయి. రాజమండ్రిలో ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల, 1894లో వచ్చిన ట్రైనింగు కాలేజీ ఉండడంతో తెలుగు జిల్లాల నలుమూలల నుంచీ యువకులు అక్కడికి చేరేవారు. కందుకూరి వీరేశలింగం 1881లో జరిపించిన తొలి వితంతు వివాహంతో ఆచారాన్ని బహిరంగంగా ప్రశ్నించడం ఆ ఊరికి అప్పటికే అలవాటైంది. ప్రభుత్వాన్ని ప్రశ్నించడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

1905లో రెండు వార్తలు వచ్చాయి. ఒక ఆసియా దేశమైన జపాన్ రష్యాను యుద్ధంలో ఓడించింది. అక్టోబరు 16న కర్జన్ ప్రభుత్వం బెంగాల్‌ను రెండుగా చీల్చింది. విదేశీ వస్తు బహిష్కరణ, స్వదేశీ, జాతీయ విద్య, స్వరాజ్యం అనే నాలుగు మాటలు కలకత్తా నుంచి రైలెక్కి దక్షిణానికి వచ్చాయి. తెలుగు నాట వాటికి తొలి వేదిక మచిలీపట్నంలోని కృష్ణా పత్రిక.

పాల్ పర్యటన

1907 ఏప్రిల్‌లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ తెలుగు జిల్లాల్లో పర్యటించారు. కృష్ణా పత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట నడిచారు. విశాఖపట్నం, విజయనగరం, కాకినాడ మీదుగా రాజమండ్రి చేరిన పాల్ అక్కడ అయిదు రోజులున్నారు. పాల్ బ్రహ్మసమాజీకుడు. బ్రహ్మసమాజం వేళ్లూనుకున్న ఆ ఊళ్లో ఆయనకు వినేవాళ్లను కొత్తగా వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఈ సభల్లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది పాల్ ఇంగ్లీషు ఉపన్యాసాలను కాదు, ఒక తెలుగు పద్యాన్ని. చిలకమర్తి లక్ష్మీనరసింహం సభలో ఆశువుగా చెప్పిన ఆ పద్యం భారతదేశాన్ని పాడి ఆవుగా, ప్రజలను ఆకలితో ఏడ్చే లేగదూడలుగా, తెల్లవారిని దూడల మూతి బిగించి పాలు పితుక్కునే గోపకులుగా చూపింది. నౌరోజీ వంటి వారు సంపద తరలింపు గురించి లెక్కలతో రాసిన పెద్ద పుస్తకాల సారమంతా నాలుగు పాదాల్లో ఒదిగింది. పాడి పశువు లేని ఇల్లు అరుదైన డెల్టాలో ఆ పద్యానికి టీకా టిప్పణి అక్కర్లేదు. అది నోటి మీదే ఊరూరా పాకింది. ప్రభుత్వం అచ్చును ఆపగలిగినా నోటికొచ్చిన పద్యాన్ని ఆపలేకపోయింది. ఆ తర్వాత ఈ ప్రాంతపు ఉద్యమమంతా పద్యాన్నీ పాటనూ ఆశ్రయించడానికి ఈ అనుభవమే కారణమనిపిస్తుంది.

కళాశాలలో సమ్మె

పాల్ ఉపన్యాసాలకు వెళ్లవద్దనీ, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు రావద్దనీ ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ విద్యార్థులను ఆదేశించారు. వాళ్లు వినలేదు. బ్యాడ్జీలతోనే వచ్చారు. కొందరిపై చర్య తీసుకోగానే మిగిలినవారు తరగతులు వదిలి బయటికి నడిచారు. పెద్ద సంఖ్యలో సస్పెన్షన్లు జరిగాయి. ట్రైనింగు కాలేజీలో ఎల్.టి. చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి బహిష్కరించడమే కాక ప్రభుత్వోద్యోగానికి అనర్హుడని ప్రకటించారు. ఆ రోజుల్లో కర్నూలు నుంచి వచ్చి ఎం.ఏ. దాకా చదివిన యువకుడికి సర్కారు కొలువు దక్కదంటే ఎంత పెద్ద శిక్షో వేరే చెప్పనక్కర్లేదు.

విద్యార్థులు రాజకీయ సభలకు పోకూడదంటూ భారత ప్రభుత్వం దేశమంతటికీ రిస్లే సర్క్యులర్ జారీ చేసింది కూడా 1907 మే నెలలోనే. చదువుకునే కుర్రాళ్లను చూసి ప్రభుత్వాలు ఎందుకు ఇంత ఉలిక్కిపడతాయో ఆ శతాబ్దం పొడుగునా తెలిసివచ్చింది. 1919 మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1960లో అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవారికే వడ్డించే భోజనశాల బల్ల దగ్గర కూర్చుని లేవనన్నారు. రాజమండ్రి కుర్రాళ్ల బ్యాడ్జీ ఆ వరుసలో ముందటిది. అంత పెద్ద ఫలితాన్ని ఇవ్వలేదన్నది కూడా నిజమే.

కాకినాడ అల్లరి

1907 మే 31న కాకినాడలో జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ వెళ్తుంటే దారిలో ఒక కుర్రవాడు 'వందేమాతరం' అన్నాడు. కెంప్ ఆ పిల్లవాణ్ణి చితకబాదాడు. కబురు తెలిసిన జనం ఆ రాత్రి యూరోపియన్ల క్లబ్బు మీద పడి అద్దాలు, సామాను పగలగొట్టారు. పోలీసు బలగాలు దిగాయి, కేసులు నడిచాయి. రాజమండ్రిలో చదువుకున్నవారి నిరసనగా ఉన్నది కాకినాడలో సామాన్య జనం కోపంగా మారింది. దానికి నాయకుడు లేడు, తీర్మానం లేదు. అందుకే ఉద్యమ చరిత్రలు దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తుంటాయి. ఒక్క మాట అన్నందుకు పిల్లవాణ్ణి కొట్టడం ఊరందరికీ అవమానంగా తోచడం చిన్న మార్పు కాదు.

స్వరాజ్య కేసు

కళాశాల వాకిలి మూసుకుపోయిన గాడిచర్ల పత్రికా రచనలోకి వచ్చారు. 1908లో విజయవాడ నుంచి వెలువడిన స్వరాజ్య వారపత్రికకు సంపాదకులయ్యారు. ఆ ఏడాది తిరునల్వేలి అల్లర్లలో జరిగిన కాల్పులను ఖండిస్తూ 'విపరీత బుద్ధి' అనే వ్యాసం ప్రచురించినందుకు ఆయన మీద, ముద్రాపకుడు బోడి నారాయణరావు మీద రాజద్రోహం కేసు పెట్టారు. మొదట పడిన శిక్షను హైకోర్టు మూడేళ్లకు పెంచింది. ఆంధ్రలో తొలి రాజకీయ ఖైదీగా గాడిచర్లను చెప్పుకుంటారు. విడుదలయ్యాక ఆయన గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ జీవితాన్ని ఇచ్చారు. బడిపంతులు కాకూడదని ప్రభుత్వం నిషేధించిన మనిషి ఊళ్లకు ఊళ్లనే చదివించాడన్నమాట.

తర్వాతి దశ

1908 తర్వాత ఉద్యమం చల్లబడింది. 1911లో బెంగాల్ విభజన రద్దుతో దాని తక్షణ కారణమూ పోయింది. గాంధీ పిలుపుతో 1920లో మళ్లీ రగిలినప్పుడు ముందుకొచ్చినవారిలో రాజమండ్రి ట్రైనింగు కాలేజీ విద్యార్థి మరొకరున్నారు. చదువు వదిలేసిన ఆ యువకుడు గరిమెళ్ల సత్యనారాయణ. 'మాకొద్దీ తెల్ల దొరతనము' పాట ఆయన్ను జైలుకు పంపింది. ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మ బాల్యంలోనే వితంతువు. 1922లో ఆమె కారాగారానికి వెళ్లారు. రాజకీయ కారణాలతో జైలుకెళ్లిన తొలి ఆంధ్ర మహిళ ఆమే.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. సభ ఏర్పాట్ల భారం మోసిన బులుసు సాంబమూర్తి ఆ రోజుల్లోనే ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకుని కూడా పని ఆపలేదు. ఖాదీ ప్రదర్శన వాకిట్లో కాపలా ఉన్న పద్నాలుగేళ్ల దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను నిలిపేసింది. ఈ కథ అందరూ చెప్పేదే. తక్కువమంది చెప్పేది మరొకటుంది. అదే సభలో విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం పాడబోగా, సంగీతం తన మతానికి సరిపడదని అధ్యక్షుడు అభ్యంతరం చెప్పారు. పలుస్కర్ ఆగకుండా పాడారు. పదహారేళ్ల కిందట ఇవే జిల్లాల్లో కుర్రాళ్లను ఒక్కటి చేసిన మాట మీద ఇప్పుడు వేదిక మీదే భేదం బయటపడింది.

మన్యంలో 1922 నుంచి 1924 వరకు సాగిన అల్లూరి సీతారామరాజు పోరాటం వేరే వ్యాసానికి తగిన విషయం. రాజు సహాధ్యాయి మద్దూరి అన్నపూర్ణయ్య, డాక్టర్ బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యం సీతానగరంలోని గౌతమీ సత్యాగ్రహాశ్రమం కేంద్రంగా పనిచేశారు. శాసనోల్లంఘన కాలంలో భీమవరం తాలూకాను రెండో బార్డోలీ అన్నారు. 1931 మార్చి 30న ఆత్రేయపురం దగ్గరి వాడపల్లిలో వెంకటేశ్వరస్వామి రథానికి గాంధీ బొమ్మ కట్టారని పోలీసులు కాల్పులు జరిపి భక్తుల ప్రాణాలు తీశారు. గాంధీ, ఇర్విన్ ఒప్పందం కుదిరి అప్పటికి నెల కూడా కాలేదు. కాల్పులు జరిపించిన అధికారి ముస్తఫా అలీ ఖాన్‌పై బాంబు వేయాలని ప్రతివాది భయంకరం వేంకటాచారి బృందం 1933లో చేసిన ప్రయత్నమే కాకినాడ బాంబు కేసుగా పేరుపడింది. భయంకరాచారిని అండమాన్ జైలుకు పంపారు.

విమర్శ

బడి నుంచి పుట్టిన ఉద్యమానికి బడి గుమ్మమే హద్దయింది. 1907లో బ్యాడ్జీ పెట్టుకున్నవారిలో ఎక్కువమంది అగ్రకులాల పిల్లలు. మాలమాదిగ పేటల నుంచి కళాశాల దాకా వచ్చే దారే అప్పటికి లేదు. ఆనకట్ట తెచ్చిన వరి పంటను కోసి కుప్పవేసిన చేతులకు ఊరి చెరువులో నీళ్లు ముంచుకునే హక్కు లేదు. ఈ సంగతిని పాటలోనే నిలదీసిన మనిషి రాజమండ్రికే చెందిన కుసుమ ధర్మన్న. ఆయుర్వేద వైద్యుడు, జయభేరి పత్రిక నడిపిన సంపాదకుడు. గరిమెళ్ల పాటకు బదులుగా 'మాకొద్దీ నల్ల దొరతనము' రాశారు. తెల్లవాడు పోతే సరిపోతుందా, ఇంట్లో ఉన్న దొర సంగతేమిటని అడిగారు. 1917లో విజయవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మొదలైన ఆది ఆంధ్ర ఉద్యమం ఈ ప్రశ్నను జిల్లా జిల్లాకూ తీసుకెళ్లింది.

ఇది స్వరాజ్యానికి అడ్డుపడే మాట అని అప్పటి కాంగ్రెస్ వాదులు కొందరు అనుకున్నారు. నిజానికి చిలకమర్తి పద్యం వేసిన ప్రశ్నే ధర్మన్న మళ్లీ వేశారు. పాలు ఎవరివి, తాగుతున్నది ఎవరు అని అడిగారు, కాకపోతే ఊళ్లోని దొడ్డి వైపు వేలు చూపించి. గరిమెళ్ల పాటకు చరిత్ర పుస్తకాల్లో దొరికిన చోటు ధర్మన్న పాటకు చాలాకాలం దొరకలేదు. గోదావరి జిల్లాల ఉద్యమ చరిత్రను బడిపిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు ఈ రెండు పాటలనూ ఒకే రోజు, ఒకే పాఠంగా చెప్పాలి.