సవాద్ భూములు – షూరా సంప్రదాయం

వ్యవహారాలను పరస్పర సంప్రదింపుతో నడుపుకోవటం విశ్వాసుల లక్షణాలలో ఒకటిగా దివ్యఖుర్ఆన్ పేర్కొన్నది. ఆ అంశం పేరుతోనే ‘షూరా’ సూరా ఉన్నది. హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో ఉహద్ యుద్ధానికి ముందు మదీనాలోనే ఉండి ఎదుర్కోవటం మేలని దైవప్రవక్త (స) భావించారు. బయటికి వెళ్ళి పోరాడాలని యువకులు పట్టుబట్టగా, ఆయన వారి మాటను మన్నించారు. ఫలితం బాధాకరమైంది. అయినా, ఆ యుద్ధాన్ని గురించి అవతరించిన వాక్యాలలోనే, సహచరులతో సంప్రదించవలసిందని ఆయనకు ఆదేశం వచ్చింది. ఒకసారి నష్టం కలిగిందని ప్రజలను అడగటం మానరాదన్నది ఇందులోని పాఠం.

ఈ సూత్రానికి పెద్ద పరీక్ష హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో ఎదురైంది. హిజ్రీ 16 (క్రీ.శ. 637)లో మదాయిన్ వశమైన తర్వాత, ఇరాక్‌లోని సారవంతమైన సవాద్ ప్రాంతమంతా ముస్లిముల చేతికి వచ్చింది. ఆ భూములను తమకు పంచిపెట్టాలని సైనికులు కోరారు. వారి కోరిక నిరాధారమైనది కాదు. ఖైబర్ భూములను దైవప్రవక్త (స) యోధులకు పంచి ఉన్నారు.

ఉమర్ (రజి) ఆలోచన వేరు. భూమినంతా ఈ తరమే పంచుకుంటే తర్వాత వచ్చేవారికి మిగిలేదేమిటి? సరిహద్దులను కాపాడే సైన్యాలకు జీతాలెక్కడివి? అనాథలను, వితంతువులను పోషించేదెట్లా? భూమిని రైతుల చేతిలోనే ఉంచి ఖరాజ్ పన్ను వసూలు చేయటమే మేలని ఆయన అభిప్రాయం.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, హజ్రత్ బిలాల్ (రజి) దీనిని వ్యతిరేకించారు. బిలాల్ (రజి) అందరికంటే తీవ్రంగా వాదించారు. ఒకనాడు బానిసగా ఉన్న వ్యక్తి ఖలీఫాను నిలదీసినా, ఆయన నోరు మూయించటానికి ఎవరూ ప్రయత్నించలేదు. హజ్రత్ ఉస్మాన్, అలీ, తల్హా (రజి) ఖలీఫాను సమర్థించారు.

అంతట ఉమర్ (రజి) అన్సార్లలో ఔస్ తెగనుండి ఐదుగురిని, ఖజ్రజ్ తెగనుండి ఐదుగురిని పిలిపించారు. తానూ వారివంటి ఒక మనిషినేననీ, తన ఇష్టాన్ని అనుసరించవలసిన పని లేదనీ వారికి చెప్పారు. చర్చ కొన్ని రోజులు సాగింది. చివరకు ‘హష్ర్’ సూరాలోని వాక్యాలు ఆయనకు ఆధారమయ్యాయి. సంపద ధనికుల మధ్యనే తిరుగుతూ ఉండరాదని చెప్పి, ముహాజిర్లను, అన్సార్లను పేర్కొన్న పిదప, వారి తర్వాత వచ్చేవారిని కూడా ఆ వాక్యాలు ప్రస్తావిస్తున్నాయి. సభ అంగీకరించింది. భూమిని కొలిచే పనికి హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) తగినవారని సూచించినదీ ఆ సభయే. ఈ వృత్తాంతాన్ని ఇమామ్ అబూ యూసుఫ్ తన ‘కితాబుల్ ఖరాజ్’లో వివరించారు.

చివరకు ఖలీఫా అభిప్రాయమే నెగ్గింది గదా, ఇక సంప్రదింపు వలన ఒరిగినదేమిటి అని ఎవరైనా అడగవచ్చు. వ్యతిరేకులే లేకపోతే ఖలీఫా మాట కేవలం ఆజ్ఞగా వెలువడి ఉండేది. వారు ఎదిరించినందున ఆయన ప్రమాణం వెదకవలసి వచ్చింది, దానిని అందరి ముందు ఉంచవలసి వచ్చింది. అందువల్లనే ఆ తీర్పు ఒక వ్యక్తి ఇష్టంగా మిగిలిపోక, తర్వాతి ఫిఖ్హ్ పండితులు చర్చించిన ధర్మసూత్రమైంది.

అయితే ఒక లోపాన్ని దాచరాదు. ఆ భూమిని దున్నే సవాద్ రైతులకు ఆ సభలో చోటు లేదు. నాటి ఏ రాజ్యమూ అటువంటి వారిని పిలవలేదన్నది నిజమే, కాని లోటు లోటే. ఉమర్ (రజి) వారిని మరువలేదు. ఖరాజ్ వచ్చినప్పుడు కూఫా నుండి పదిమంది, బస్రా నుండి పదిమంది వచ్చి, ఆ ధనంలో ముస్లిముకు గాని, ఒడంబడిక చేసుకొన్న ముస్లిమేతరునికి గాని అన్యాయం చేసి తెచ్చినది లేదని ప్రమాణం చేసేవారని అబూ యూసుఫ్ వ్రాశారు. క్రీ.శ. 644లో హత్యకు గురికావటానికి కొద్దిరోజుల ముందు కూడా, భూమి మోయలేని భారం వేశారా అని ఉస్మాన్ బిన్ హునైఫ్‌ను, హుజైఫాను (రజి) ఆయన ప్రశ్నించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది.

షూరాను నేటి ఎన్నికల ప్రజాస్వామ్యంతో సమానం చేయటం చరిత్రకు న్యాయం కాదు. అక్కడ ఓట్ల లెక్కింపు లేదు. కాని పాలకుడు కారణం చెప్పాలి, ఎదురు చెప్పేవానికి భయం ఉండరాదు, సభలో లేనివారి హక్కునూ, ఇంకా పుట్టని వారి హక్కునూ లెక్కలోకి తీసుకోవాలి. ఈ మూడూ లేనిచోట ఎంతమంది చేతులెత్తినా అది సంప్రదింపు అనిపించుకోదు.