డెన్వర్‌లో డబుల్ రొట్టె

మా సుల్తానాబాద్‌లో నా చిన్నప్పుడు బ్రెడ్ అన్నవాళ్లు తక్కువ, అందరికీ అది డబుల్ రొట్టే. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తేనే వచ్చేది, పాలలో ముంచి తినిపించేవాళ్లు. రైస్ మిల్లుల ఊరు మాది. మామూలు రోజుల్లో బియ్యప్పిండితో సర్వపిండే.

ఆ రొట్టెను నేను మొదటిసారి చేసింది 1609 మీటర్ల ఎత్తులో ఉన్న డెన్వర్‌లో, బిడ్డ ఇంట్లో, బ్రెడ్ మిషన్‌తో. ఆ మిషన్ కథ నాకెంతో ఇష్టం. జపాన్‌లో మత్సుషిత కంపెనీ వాళ్లకు మిషన్‌తో పిండి పిసకడం కుదరలేదు. అప్పుడు ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒసాకాలో ఒక హోటల్ రొట్టెల మేస్త్రి దగ్గర పని నేర్చుకుంది. ఆయన పిండిని లాగుతూ మెలిపెడుతున్నాడని కనిపెట్టింది. 1987లో మిషన్ అమ్మకానికొచ్చింది. చేతి పనిని అంత శ్రద్ధగా చూసిన ఆమెకు దండం పెట్టాలి.

నా మొదటి రొట్టె ఉబ్బి ఉబ్బి మూతకు తగిలి, నడుమ గుంటపడింది.

"అమ్మా, ఈడ గాలి ఒత్తిడి తక్కువ, పిండి జల్ది పొంగుతది. ఈస్ట్ తక్కువెయ్యి" అన్నది బిడ్డ.

అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, పిండి కూడా తొందరగా ఆరిపోతుంది. ఈస్ట్ పావు వంతు తగ్గించి, రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పోశాను. ఈసారి నిండుగా, ఎర్రగా కాలింది. మొదటి ముక్క పాలలో ముంచి మనవడికి పెట్టాను.